ట్రేలో పడని చుక్క

పెద్ద మెకానిక్ ఇరవై ఏళ్ళు ప్రొపెల్లర్ విమానాలకే చాకిరీ చేశాడు. వాటి ఇంజన్లు రాత్రంతా ఆయిల్ కారుస్తూనే ఉంటాయి గనుక కింద రేకు ట్రే పెట్టి, పొద్దున్నే తొంగిచూసేవాడు. చుక్కలుంటే లోపల ఆయిల్ ఉన్నట్టే. ట్రే పొడిగా ఉందంటే ఇంజను ఖాళీ అయిందని లెక్క.

ఆయన పనిచేసే విమాన కంపెనీకి మొట్టమొదటి జెట్ విమానం వచ్చిన మర్నాడు ట్రే పొడిగా, అద్దంలా ఉంది. ఆయిలంతా అయిపోయిందనుకున్నాడు. ప్రయాణికులు మెట్లెక్కుతుంటే అడ్డంపడి ఆపేశాడు.

కొత్త ఇంజనీరు వచ్చి మూత తీసి చూపించాడు. ఆయిల్ నిండుగా ఉంది.

“ఇది కారదు బాబాయ్. కారితేనే జబ్బు,” అన్నాడు.

షెడ్డంతా పగలబడి నవ్వింది. మెకానిక్ ముఖం మాడ్చుకున్నాడు గానీ ట్రే పెట్టడం మానలేదు.

“నా ట్రే, నా ఇష్టం. మీ సొమ్మేం పోయింది?” అని కసిరాడు.

నెల తరువాత ఒక పొద్దున ట్రేలో మూడు చుక్కలు కనిపించాయి. చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. వేలితో అద్దుకుని వాసన చూశాడు. ఇంజను పొట్టమీద తట్టి, “ఇన్నాళ్ళకి దారికొచ్చావురా,” అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఇంజనీరు మాట. చెయ్యి తుడుచుకుని, లోపాల పుస్తకం తెరిచి రాశాడు: “ఆయిల్ కారుతోంది. విమానం ఎగరకూడదు.”