గేటు దగ్గర పెరిగిన వయసు

పిల్లను కోర్టులోకి తెచ్చి మళ్లీ బయటికి తీసుకుపోయినంత సేపు గ్లాసెడు నీళ్లు తాగడానికి కూడా చాలదు. మెజిస్ట్రేటు తలెత్తి చూడలేదు. సమ్మె రోజున నూలు మిల్లు గోదాముకు నిప్పు పెట్టిందన్నారు పోలీసులు. పద్దెనిమిది దాటిందన్నాడు మేనేజరు. అంతే, పెద్దవాళ్ల జైలు. సన్నటి మణికట్ల నుంచి బేడీలు జారిపోతుంటే కానిస్టేబులు ఇంకాస్త బిగించడం తల్లి కళ్లారా చూసింది.

ఆ పిల్లకు పదిహేనేళ్లు.

ఆ మాట అనడానికే తల్లికి నోరు రాలేదు. గేటు దగ్గర పద్దెనిమిదని చెప్పింది తనే. ఆ మిల్లులో అందరూ చేసేదే అది. పిల్ల చెయ్యి యంత్రానికి అందితే చాలు, పద్దెనిమిదేనా అంటాడు మేస్త్రి, ఊఁ అంటుంది తల్లి, ఇద్దరూ మొహాలు పక్కకు తిప్పుకుంటారు.

సాయంత్రం మేస్త్రి ఇంటికొచ్చాడు. ఎన్నడూ గడప తొక్కని మనిషి. నోరు మూసుకుంటే పిల్లను తనే విడిపిస్తానన్నాడు. వయసు మాటెత్తితే తల్లే లోపలికెళ్తుందనీ, మిగతా పిల్లల పనులూ పోతాయనీ మెత్తగా చెప్పాడు. ఆ తియ్యదనాన్ని ఆమె నమ్మలేదు.

మిల్లు కార్మికుల సంఘం మీదా నమ్మకం కుదరలేదు. పెద్ద కోర్టు తీర్పొకటి వచ్చిందని చెప్పింది సంఘం లాయరమ్మ. జైలుకు పంపేముందు వయసు విచారించి తీరాలట, పిల్లలకు పెద్దవాళ్ల శిక్ష వెయ్యకూడదట. అయితే మనం అడిగితేనే ఆ తీర్పు అక్కరకొస్తుందంది. మీటింగులో గొడవైంది. నీ కూతురి కోసం మా పొయ్యిలు ఆర్పుకోవాలా అని నిలదీశారు కొందరు. గోడకానుకుని మేస్త్రి వదిన అన్నీ వింటోంది. ఇక్కడి మాట అక్కడికి మోసేది ఈమేననుకుని తల్లి పెదవి విప్పలేదు.

మళ్లీ విచారణ జరిగింది. వయసు తేల్చమంది లాయరమ్మ.

“పద్దెనిమిది నిండనివాళ్లకు మా గేటే తెరుచుకోదు సార్,” అని నవ్వాడు మేనేజరు.

మెజిస్ట్రేటు పిల్లనడిగాడు. పిల్ల తల్లివైపు చూసి తలదించుకుంది. అమ్మను ఇరికించడం ఇష్టంలేక బిగబట్టుకుని నిలబడింది. తల్లి లేచి నిలబడింది.

“అబద్ధం చెప్పింది నేనండీ. దానికి పదిహేనే.”

అది నేరమని తెలుసా అన్నాడు మెజిస్ట్రేటు. తెలుసంది. కూతురి కోసం కథ అల్లుతోందన్నాడు మేనేజరు. పోలీసు ఆమె వైపు కదిలాడు.

వెనక నుంచి లేచింది మేస్త్రి వదిన.

“నన్నూ తీసుకుపోండి. మా చిన్నదానికి పద్నాలుగు. మా మరిదే పద్దెనిమిదని చెప్పమన్నాడు. ఇప్పుడూ షిఫ్టులోనే ఉంది, పోయి చూసుకోండి.”

మా పిల్లదీ అంతేనంటూ ఆమె పక్కన ఇంకొకామె లేచింది. తర్వాత ఆ వరుసంతా లేచింది. మీటింగులో పొయ్యిల గురించి అరిచినవాళ్లూ అందులో ఉన్నారు. మెజిస్ట్రేటు మొదటిసారి పిల్ల మొహం చూశాడు. జైలు వద్దన్నాడు, కేసును పిల్లల కోర్టుకు పంపమన్నాడు. తల్లుల్ని అరెస్టు చేయమన్నాడు.

వ్యానులో తల్లి, మేస్త్రి వదిన పక్కపక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

“నిన్ను నమ్మలేదొదినా.”

“నేను మాత్రం నిన్ను నమ్మానా? నువ్వు లేచాక కదా లేచాను.”

వ్యాను సగంమందికే సరిపోయింది. మిగిలినవాళ్లు ఇళ్లకు పోలేదు. వెనకే నడిచి స్టేషను ముందు బైఠాయించారు. మేస్త్రినీ మేనేజర్నీ కూడా అరెస్టు చేసి తెచ్చి తమ పక్కన కూర్చోబెట్టేదాకా కదిలేది లేదన్నారు.