బోలు చప్పుడు

మంచాల ఊరికి పోయే తొవ్వలో, గుట్ట కింది జాగాలో నర్మద ఇల్లు కట్టుకుందామనుకుంది. ముగ్గు పోసే రోజు తండ్రి జానయ్యను వెంట తీసుకొచ్చింది. జానయ్య నలభై ఏండ్లు రాళ్లు కొట్టిన మనిషి. ఆయన జాగా వైపు చూడనే లేదు. సుత్తె పట్టుకుని మెల్లగా గుట్టెక్కాడు.

జాగాకు సరిగ్గా పైన ఓ పెద్ద బండ ఉంది. కొడితే ఖంగుమంది. రెండడుగులు జరిగి మళ్లీ కొట్టాడు. ఈసారి బోలు చప్పుడొచ్చింది.

"ఈడ కట్టొద్దు బిడ్డా," అన్నాడు దిగొచ్చి.

"నా చిన్నప్పటి సంది ఆ బండ గట్లనే ఉంది కదా బాపు."

"పైకి గట్లనే కనవడ్తది. మేము రాయి పొర లేపాలంటే బండ మీద కట్టెలు పేర్చి కాలుస్తుంటిమి. వేడికి పొర ఉబ్బి లేస్తది. గదే పని ఎండ నిమ్మళంగ చేస్తున్నది. సందుల్ల వాన నీళ్లు దిగి లోపలి రాయి పొడిపొడిగ మొరమైతున్నది."

నర్మద ముఖం మాడ్చుకుంది. అయినా ముగ్గు ముప్పై గజాలు ఇవతలికి జరిపించింది. తూర్పు వాకిలి పోయి ఉత్తరం వాకిలి వచ్చింది. ఇల్లు లేచేదాకా తండ్రితో ముక్తసరిగానే మాట్లాడింది.

రెండేండ్లు బండ కదల్లేదు. చుట్టాలు నవ్వారు. తన చెవే మందగించిందేమోనని జానయ్యకు అనుమానమొచ్చింది.

మూడో ఏడు తొలి వాన కురిసిన పొద్దున, ఇద్దరూ చాయ్ తాగుతుంటే గుట్ట మీద ఫట్‌మంది. మంచమంత పెచ్చు ఊడి జారి, మొదట ముగ్గు పోద్దామనుకున్న చోట పడి మూడు ముక్కలైంది.

నర్మద పోయి ముక్క లోపలి వైపు తడిమింది. గోటితో గీకితే పసుపుపచ్చటి ఇసుక రాలింది.

"గుట్టంతా గిట్లనే రాలుతదా బాపు?"

"అవ్. కింద చెల్కల్ల మట్టి యాడికెల్లి వచ్చిందనుకున్నవ్?"

ఆమె గుట్ట కింది మెట్ట చెల్కల దిక్కు చూసింది. జానయ్య కూడా చూశాడు. ఇంత గుట్టనూ తన చేతులే కరిగించాయని ఆయనకు ఎన్నో ఏండ్లుగా లోపల్లోపల ఓ బాధ ఉండేది. ఎండావానల ముందు తన సుత్తె ఎంత? మనసు జర తేలికైంది.

"పక్కింటి యాదమ్మత్త మేకలను ఆ బండ నీడకే కట్టేస్తది," అంది నర్మద, చెప్పులు తొడుక్కుంటూ. "పోయి చెప్పొస్త."

"ఆగు, నేను గూడ వస్త. నువ్వు చెప్తే ఇనదామె."