ఎండపొయ్యికి పాలు

దక్షిణాఫ్రికాలో వెరులం ఊరు దాటాక చెరకు తోటల మధ్య ఉన్న కోగీ ఇంటి ముందు ఆ పొద్దున తిరనాళ్లే. నల్లా తెల్లా తేడా లేకుండా అందరూ తొలిసారి ఓటేసిన మరుసటేడు అది. కొత్త సర్కారు పథకంలో పనిచెయ్యడానికి ఆంధ్రా నుంచి వచ్చిన ఇంజినీరు తేజ, లోపల నల్లరేకు, పైన గాజుమూత, వెనక నిలువుటద్దం ఉన్న పెట్టె ఒకటి ముంగిట్లో దించాడు. ఎండతో వండే పొయ్యి! కట్టెల పొగ, కిరసనాయిలు కంపు ఇక వదిలిపోతాయని కోగీ కాలు నేల మీద నిలవడం లేదు.

అడ్డమల్లా అత్తమ్మే.

"పాలు పొంగితే వుంచు. పొంగకపోతే అది పొయ్యే కాదు, తీసుకుపోవాల. నో మాన్, అంతే!" అని తేల్చేసిందావిడ.

కొత్త పొయ్యి మీద మొదట పాలు పొంగించడం ఆ ఇంట్లో, చెరకు కూలికని తెలుగునేల నుంచి ఓడెక్కి వచ్చిన ముత్తాతల నాటి ఆచారం. భాష చాలామటుకు జారిపోయింది గాని, పాలు మాత్రం పొంగుతూనే ఉన్నాయి.

పొద్దున్నే మబ్బు పట్టింది. తేజ దిక్సూచి చూసుకుని, తన ఊళ్లో చేసినట్టే పెట్టెను దక్షిణం వైపు తిప్పి, పాలగిన్నె లోపల పెట్టాడు. కాసేపటికి మబ్బు విడి ఎండ చురుక్కుమంది. పాలల్లో మాత్రం చలనం లేదు. చూడ్డానికొచ్చిన జూలూ పొరుగమ్మలు ముసిముసిగా నవ్వుకుంటున్నారు. కోగీ వెనక్కి తిరిగి వంటింట్లోని కట్టెల పొయ్యి వైపు చూసింది. బతుకంతా ఇక ఆ పొగలోనేనా?

పెట్టె ముందు పీటేసుకుని కాపలా కూర్చున్న అత్తమ్మ కొంగు భుజం నిండా కప్పుకుంది. "హైబో! ఈడ సలేస్తంది బాబూ. నీ అద్దం నా మీద నీడేస్తంది."

తేజ ఆవిడను చూశాడు, అద్దాన్ని చూశాడు, ఆకాశాన్ని చూశాడు. ఠపీమని నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో రామా! ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన కదూ ఉండేది! నేనింకా మా ఊళ్లోనే ఉన్నానండీ!"

కోగీ పగలబడి నవ్వింది. అందరూ తలో చెయ్యీ వేసి పెట్టెను ఉత్తరానికి తిప్పేశారు. అద్దం ధగధగా మెరిసింది. కోగీ గాజుకు మొహం ఆనించినంత పని చేసి, అన్నం మాట కూడా మరిచి చూస్తూ కూర్చుంది. అంచున బుడగలు లేచాయి. మీగడ కదిలింది, ఉబ్బింది.

"వొస్తంది! అత్తమ్మా, వొస్తంది!"

పాలు గిన్నె దాటి నల్లరేకు మీద చుయ్యిమన్నాయి. పొరుగమ్మలు లీలీలీ అంటూ కేరింతలు కొట్టారు. సంతోషంతో కోగీకి కళ్లనీళ్లు తిరిగాయి.

"రేకు పాడవుతుందండీ, తుడవాలి..." అని తేజ గొణుగుతుంటే వినేదెవరు? అత్తమ్మ మూతెత్తి, చేతులు జోడించి దణ్ణం పెట్టింది. గిన్నె దించబోయిన కోగీని మోచేత్తో పక్కకు నెట్టేసింది.

"జరుగే! నా పొయ్యికాడ నీకేటి పని?"

ఇన్నేళ్ల కాపురంలో అత్తమ్మ తిట్టు కోగీకి ఇంత తియ్యగా ఎప్పుడూ తగల్లేదు.