బాజా ఆగే చోటు

మా ఇంటి పెళ్ళికి బ్యాండు వద్దన్నారు. విన్నవాళ్ళు నవ్వుతారేమో గానీ, నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. సూర్యాపేట క్లారినెట్ ఈదయ్య అంటే గరిడేపల్లి నుంచి పాలకీడు దాకా పిల్ల పెళ్ళి చేసిన ప్రతి ఇంట్లోనూ గుర్తుపడతారు. ఆ ఈదయ్య నా మొగుడు. ఆయన ఒక్కగానొక్క కూతురు నవ్య పెళ్ళికి డబ్బాలోంచి పాట వస్తుందట!

ఆ మాట చెప్పింది మా వియ్యపురాలు. వాళ్ళది కోదాడ. అక్కడి పెళ్ళిళ్ళకు జగ్గయ్యపేట వైపు నుంచి బ్యాండ్లు వస్తాయి, మావాళ్ళ వాయింపు వాళ్ళెప్పుడూ వినలేదు.

"వదినగారూ, అన్నయ్యగారు అందరి పెళ్ళిళ్ళకీ నిలబడి వాయించారు. కూతురి పెళ్ళికైనా కాస్త కుర్చీలో కూర్చోవద్దా అండీ? మా నవీన్ డీజేని మాట్లాడేశాడు. అప్పగింతలకి మీరు వాయిస్తారని నవ్య చెప్పిన ఆ పాత సినిమా మ్యూజిక్కే పెడతాడంట. పెద్ద ఆర్కెస్ట్రాతో మళ్ళీ కొత్తగా రికార్డు చేశారంటండీ" అంది.

ఆమె మంచికే చెప్పింది. అందుకే ఇంకా మండింది. చెడ్డగా చెబితే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.

ఆ మ్యూజిక్కు సంగతి చెప్పాలి. పాత నలుపు తెలుపు సినిమా. అందులో పిల్లను అత్తారింటికి పంపే చోట పాట ఉండదు, ఉత్త వాయిద్యమే. మా పెళ్ళి కాకముందు మిర్యాలగూడలో ఆ సినిమా మళ్ళీ ఆడితే, ఈయనా, డ్రమ్ము కొట్టే పెంటయ్యా టేప్ రికార్డర్‌ను తువ్వాలలో చుట్టుకుని మ్యాట్నీకి పోయారు. ఆ టేపు అరిగేదాకా విని నేర్చుకున్నారు. అందులో వాయిద్యం పైకి ఎక్కీ ఎక్కీ ఒక చోట టక్కున ఆగిపోతుంది. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ వినపడదు. తర్వాత కింది నుంచి మళ్ళీ అందుకుంటుంది.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, అది ఆగినప్పుడే తల్లి బిడ్డ చెయ్యి వదలాలని మా దిక్కున ఆనవాయితీ పడింది. ముసలమ్మలు పక్కన నిలబడి "ఇగో ఆగుతది, ఆగుతది" అంటుంటారు. ఆగుతుంది. తల్లి వదులుతుంది. బాజా మళ్ళీ అందుకునేసరికి పిల్ల కారులో ఉంటుంది. ఆ పాటి ఆసరా లేకపోతే ఏ తల్లి తనంతట తాను వదులుతుంది?

వియ్యపురాలి మాటకు ఈయనైనా కోప్పడతాడనుకున్నాను. నోట్లో నాలుక లేని మనిషైనా, బాజా విషయంలో ఊరుకోడు. కానీ కాబోయే అల్లుడు నవీన్ ఆ కొత్త రికార్డును ఫోన్‌కు పంపాడు. ఈయన నవ్య ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుని గడపలో కూర్చుని విన్నాడు. వింటూ మోకాలి మీద వేళ్ళు ఆడిస్తున్నాడు. ఆగే చోటు రాగానే వేళ్ళు ఆగాయి. ముఖం మారిపోయింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. పళ్ళెంలో అన్నం చల్లారిపోయింది.

"గాడ ఆగుడు లేదే గోపమ్మా" అన్నాడు చివరికి. "మిర్యాలగూడల రీలు తెగితే అతికిచ్చినట్టున్నరు. నడుమ ముక్క పోయింది. మనం గదే నేర్చుకున్నం."

"అయితే ఏంది?"

"ఇన్నేండ్లు తప్పు వాయించిన."

లేచి క్లారినెట్ పెట్టె సజ్జ మీదికి ఎక్కించాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే.

తప్పట! ఎంతమంది తల్లులను గట్టెక్కించిన తప్పు అది! నాకు ఒళ్ళు తెలియలేదు. "ఎవరో ఏసీ హాల్ల కూసోని సాపు జేసిన్రని నువ్వు తప్పయితవా? గా తెలివిగల్లోళ్ళు ఒక్క అప్పగింత జూసిన్రా? ఒక్క తల్లి ఏడుపు ఇన్నరా?" అని వీధి వినేలా అరిచాను.

"నువ్వొక్కసారి ఇను. ఆ పోయిన ముక్క ఎంత బాగుందో" అన్నాడు ఆ మహానుభావుడు.

నేను వినలేదు. వాళ్ళు ఎన్ని వయొలిన్లు పెట్టి వాయించినా నాకెందుకు?

వారం తిరక్కుండా పెంటయ్య ఇంటికొచ్చాడు. "వదినే, అన్న క్లారినెట్ ముడుతలేడు. వచ్చిన పెళ్ళిళ్ళు గూడ వద్దంటుండు. నువ్వన్న జెప్పు" అన్నాడు. అప్పుడు భయం వేసింది. ఈ మనిషి ఊపిరంతా ఆ గొట్టంలోనే ఉంది. అది కాస్తా సజ్జ ఎక్కితే ఇక ఇంట్లో మిగిలేదేమిటి?

స్టూలు వేసుకుని ఆ పెట్టెను నేనే దించి ఆయన ముందు పెట్టాను.

"నా బిడ్డె చెయ్యి డబ్బా పాటకు వదల. వాళ్ళ డీజే వాళ్ళు పెట్టుకోని. నువ్వు వాయించాలె, గాడ ఆగాలె. అప్పుడే వదులుత. లేకపోతే కారు కదలదు" అన్నాను. ఆయన పెట్టె మీది దుమ్ము తుడిచాడు.

పెళ్ళి సూర్యాపేటలోనే, ఫంక్షన్ హాల్లో జరిగింది. భోజనాలయ్యాయి. అప్పగింతలు మొదలయ్యాయి. పాలలో ముంచిన నవ్య చేతిని వియ్యాలవారి చేతుల్లో పెట్టి ఒప్పజెప్పాం. కారు దాకా వచ్చాక మళ్ళీ ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. డీజే పాట పెట్టాడు.

అబద్ధమెందుకు, బాగుంది. హాలు ముందంతా వయొలిన్లు ఒక్కసారి లేస్తే ఒళ్ళు జల్లుమంది. అంత బాగున్నందుకే ఇంకా కోపం వచ్చింది. ఈయన ఎక్కడని చూశాను. కారు వెనక నిలబడి ఉన్నాడు, చేతిలో క్లారినెట్. నా ప్రాణం కుదుటపడింది. నోటికి పెట్టుకుని డీజే పాటతో కలిపి అందుకున్నాడు. మావాళ్ళంతా తలలు తిప్పి చూశారు. రాగం పైకి ఎక్కుతోంది. గరిడేపల్లి ముసలమ్మలు "ఆగుతది బిడ్డా, ఆగుతది" అంటున్నారు. నేను వేళ్ళు సడలించాను.

ఆగలేదు.

వయొలిన్లు ఆగలేదు సరే, నా మొగుడూ ఆగలేదు. నేనెప్పుడూ వినని ఆ ముక్కలోకి కళ్ళు మూసుకుని పోయాడు. ఎక్కడ నేర్చుకున్నాడో, ఒక్క స్వరం తప్పలేదు.

నవ్య చెయ్యి మళ్ళీ బిగించి పట్టుకున్నాను. "ఆపుండ్రి!" అని అరిచాను. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది?

"వదినగారూ, వర్జ్యం వచ్చేస్తుందండీ. వదలండి" అంది వియ్యపురాలు.

"బాజా ఆగలే. నేను వదల."

ఆమెకు నా మాట అర్థం కాలేదు. నవీన్ బిత్తరపోయి చూస్తున్నాడు. నవ్య ఏడుస్తూనే నా చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, నాన్నను సూడే. ఆయన ఆపడు. ఆపితే నువ్వు నన్ను వదుల్తవని ఆయనకు తెల్వదా?"

అప్పుడు సరిగ్గా చూశాను. ఆయన చెంపల మీది నీళ్ళు గడ్డం మీదుగా క్లారినెట్ మీదికి కారుతున్నాయి. వయొలిన్లు అయిపోతున్నా ఈయన రాగంలో వెనక్కి పోయి అదే ముక్కను మళ్ళీ అందుకుంటున్నాడు. తప్పు దిద్దుకుంటున్నాడని తిట్టుకున్నాను ఇంతసేపూ. ఊరందరి బిడ్డలకూ ఠంచనుగా ఆగిన మనిషి, సొంత బిడ్డకు ఆగలేకపోతున్నాడు.

వదలడం నాకూ చాతకాదని ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసీ ఆ పని నా నెత్తినే పెట్టాడు.

డీజే పాట అయిపోయింది. ఆయన ఒక్కడే వాయిస్తున్నాడు. ఆ బాజా మోగుతుండగానే నా బిడ్డ చెయ్యి వదిలి, కారు తలుపు నేనే వేశాను.