ఉన్నది ఉన్నట్టు

పట్టకారు కొనకు చిక్కిన ఇసుక రేణువును అతను దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, తెల్ల కాగితం మీద జాగ్రత్తగా దింపాడు. ఆవగింజలో సగం కూడా లేదది. రెండు దుకాణాల వాళ్లు చేతులెత్తేసి, ఇక పారేసుకోమని చెప్పిన కెమెరా ఇది. ఇంత రభసకూ కారణం ఈ పిసరు. లెన్సును ముందుకు నెట్టే పళ్ల చక్రంలో దర్జాగా ఇరుక్కుని కూర్చుంది. మీట నొక్కినప్పుడల్లా లెన్సు కాస్త మెడ వంచుకుని బయటికి వచ్చేది. తీసిన ప్రతి ఫొటోలోనూ ఎడమ సగం తడిగుడ్డతో తుడిచినట్టు ఉండేది. కెమెరా ఒక బడి పంతులమ్మది. ఎప్పుడో పిల్లలకు సముద్రం చూపించడానికి వెళ్లినప్పుడు దూరిందట ఇసుక. రేపు పొద్దున ఇంకో తరగతిని తీసుకుని మళ్లీ అక్కడికే వెళుతోంది. పోయే ముందు వచ్చి తీసుకుంటానంది.

అతను మూత బిగించి, బ్యాటరీ వేసి, మీట నొక్కాడు. లెన్సు నిటారుగా, మెత్తని చప్పుడుతో బయటికి వచ్చింది. అతని ఒళ్లు జలదరించింది. ఎన్ని వందల కెమెరాలు విప్పి బిగించాడో లెక్కలేదు, అయినా ఈ చప్పుడు వినగానే ప్రతిసారీ అలాగే అవుతుంది. సబ్బుబిళ్లంత డబ్బా. గోరంత గాజు. ఆ గాజులోంచి వీధి వీధంతా లోపలికి వచ్చి, ఒకరి మీద ఒకరు పడకుండా, ఎక్కడి వాళ్లు అక్కడ సర్దుకుంటారు. ఇదెలా జరుగుతుందో అతనికి పూర్తిగా తెలుసు. తెలిసినా నమ్మబుద్ధి కాదు.

ఆ సందులో అందరూ అతన్ని కెమెరాల డాక్టరంటారు. జేబులో పట్టే కెమెరాలే చూస్తాడు. మెడలో వేలాడేసుకునే పెద్ద కెమెరా ఎవరైనా తెస్తే, పెద్దవాళ్లకు పెద్ద డాక్టర్లుంటారు అని నవ్వి పంపేస్తాడు. కింద గది దుకాణం, పైగది ఇల్లు, మధ్యలో అడుగు వేస్తే మూలిగే చెక్కమెట్లు. పైగదిలో, సందులోకి తెరుచుకునే మోకాలెత్తు గట్టు కిటికీ దగ్గర, అతని అక్క.

మరమ్మతు అయిన కెమెరాను మిగతా దుకాణాల్లో గీతలూ గళ్లూ అచ్చేసిన అట్టను ఫొటో తీసి పరీక్షిస్తారు. అతనికి అట్ట అక్కర్లేదు. అక్కను తీస్తే చాలు, ఏ కెమెరా బండారమైనా బయటపడుతుంది. ఆమె నెరిసిన జుట్టు వెంట్రుక వెంట్రుకగా విడిపోయి కనిపించాలి. భుజాల మీది గళ్ల శాలువాలో గీతలు వంగకూడదు. ఆమె ఒళ్లో ఎప్పుడూ ఉండే తెల్లచొక్కా మీద మడతలు పోకూడదు. వెనకాల గోడ మూలలో చీకటి ఉంది కదా, ఆ చీకట్లో ఉన్న నీళ్ల కూజా కూడా కనిపించాలి. మూడే ఫొటోలు. దగ్గర నుంచి ఒకటి, గది ఆ చివర నుంచి ఒకటి, సాయంత్రం దీపం పెట్టాక కిందికి దిగి, సందుకు అవతలి పిట్టగోడ మీద కెమెరా ఆనించి, ఫ్లాషు లేకుండా కిటికీని ఒకటి. ప్రింట్లు వచ్చాక భూతద్దం పెట్టి చూసి, బాగుంటే ఆ మూడింటినీ రబ్బరు బ్యాండుతో కెమెరాకు కట్టి ఇచ్చేస్తాడు. ఇదీ నా పనితనం అని చెప్పడానికి అదొక్కటే అతని రశీదు.

అలా అక్క ఊళ్లో ఎన్నో ఇళ్లలోకి చేరింది. ముక్కూమొహం తెలియని వాళ్ల బీరువాల్లో, సొరుగుల్లో, పాత పెళ్లి ఫొటోల మధ్య, ఒళ్లో తెల్లచొక్కా పెట్టుకుని కూర్చుని ఉంది. ఒకసారి బజారులో ఒకాయన ఆమెను చూసి నమస్కారం పెట్టి, ఎక్కడ చూశానో గుర్తు రాక బుర్ర గోక్కుంటూ పోయాడు. ఆమె ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

ఆమె చేసేది కాజాల పని. చొక్కాలు కుట్టే పెద్ద కార్ఖానా నుంచి మూటలు వస్తాయి. గుండీ దూరే రంధ్రం చుట్టూ దారం తిప్పి చేత్తో కుట్టాలి. అమ్మానాన్నా ఒకరి వెంట ఒకరు పోయేనాటికి ఆమెకు పెళ్లీడు, అతనికి పలక పట్టే వయసు. అప్పటి నుంచి ఆ చెయ్యి ఆగలేదు. అతని చదువు, అతను పని నేర్చుకున్న రోజులు, కింద గది అద్దె, అన్నీ ఆ కాజాల్లోంచే వచ్చాయి. తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, ముందు ఈ మూట అవనివ్వండి అనేది. ఆ మూట ఎన్నడూ అవలేదు.

ఆగని ఆ చేతితోనే అతనికి పేచీ. ఆ గదిలోని తక్కువ వెలుగులో కెమెరా కన్ను కాస్త ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. ఆ కాస్తలోనే ఆమె సూది గుచ్చి, దారం లాగి, మళ్లీ గుచ్చేస్తుంది. ప్రింటులో జుట్టు, శాలువా, కూజా అన్నీ శుభ్రంగా ఉండి, కుడిచెయ్యి ఉండాల్సిన చోట తెల్లని పొగ ఉండేది. కెమెరా తప్పు కాదు కాబట్టి అతను దాన్ని లెక్కలోకి తీసుకునేవాడు కాదు.

కిందటి నెల ఒకరోజు ఆమె, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తనకంటూ ఒకటి అడిగింది. ఇంతమంది ఇళ్లలో ఉన్నాను, మనింట్లో లేను కదరా చిన్నోడా, ఒకటి ఉంచు అంది. జుట్టు సగం ఊడిన తమ్ముణ్ణి ఇప్పటికీ చిన్నోడా అనే పిలుస్తుంది. నిజమే, ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. మంచి కెమెరా రానీ అక్కా, చెయ్యితో సహా పడ్డ ఫొటో తీసి గోడకు పెడతాను అని మాటిచ్చాడు. తర్వాత వచ్చిన కెమెరాల్లో ఒకటి మూలల్లో మసక, ఒకటి అన్నిటికీ పసుపు పూసేది. ఏదీ అతని మనసుకు ఆనలేదు. ఈ పంతులమ్మ కెమెరా మీద మాత్రం ఎందుకో ఆశ పడ్డాడు.

మధ్యాహ్నం ఇద్దరూ కిటికీ దగ్గరే తిన్నారు. ఆమె రెండు ముద్దలు తిని పళ్లెం పక్కన పెట్టింది. భుజం లాగుతోంది, రాత్రి పడుకున్న తీరు బాలేదు అంది. సూదిలో దారం నువ్వే ఎక్కించు, ఆ దీపం కూడా ఇప్పుడే వెలిగించు, ఇవాళ కళ్లు మొరాయిస్తున్నాయి అని సూది ఇచ్చింది. అతను ఎక్కించి ఇచ్చి, పక్కన దీపం వెలిగించాడు. టీ కూడా అతనే కాచాడు. నీ టీ తాగితే కెమెరాలో పోసే నూనె తాగినట్టుంది అంటూనే గ్లాసు ఖాళీ చేసింది. అతను దగ్గర నుంచి ఒకటి, గది చివర నుంచి ఒకటి తీశాడు.

"ఈసారైనా నా చెయ్యి దొరుకుతుందా నీ డబ్బాకి?"

"నువ్వు ఒక్క క్షణం ఆపితే ఎందుకు దొరకదక్కా? సాయంత్రం కింద నుంచి తీస్తాను చూడు, అప్పుడు. నా కోసం."

"చెయ్యి ఆగితే పని ఆగుతుందిరా." ఆమె దారం కొస పళ్లతో కొరికి, చొక్కా తిప్పుకుంది. తర్వాత అతని మొహం చూసి మెత్తబడింది. "సరేలే. నీ కోసం ఆపుతాను."

సాయంత్రం అతను పైకి వెళ్లలేదు. ఇంకో కెమెరా విప్పి కూర్చుని, పొద్దు వాలేదాకా తల ఎత్తలేదు. చీకటి పడి, పైన దీపం వెలుగు సందులో పడటం చూసి, అమ్మో అనుకుని లేచాడు. ఫొటోలు కడిగే ల్యాబు మూసేలోగా పరుగెత్తాలి. పిట్టగోడ మీద కెమెరా ఆనించి, ఫ్లాషు ఆపి, కెమెరా వెనకున్న చిన్న గాజులోంచి చూశాడు. దీపం ఆమె ఎడమ పక్కన ఉంది. తల కిటికీ చట్రానికి ఆనించి, ఒళ్లోకి చూస్తోంది.

"అక్కా, తీస్తున్నా" అని పిలిచాడు.

రోజూ అయితే తల ఎత్తకుండానే గడ్డం కాస్త పైకి లేపేది, విన్నానన్నట్టు. ఇవాళ అదీ లేదు. చెయ్యి కదల్లేదు. మాట నిలబెట్టుకుంటోంది అనుకున్నాడు. ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. కెమెరా కన్ను తెరుచుకుని, తీరిగ్గా మూసుకుంది. చాలక్కా, ఇక కుట్టుకో అని ఒక కేక వేసి, ఫిల్ము తీసుకుని ల్యాబుకు పరుగెత్తాడు.

ల్యాబు నడిపే ఆవిడకు అక్క ఫొటోలు కడగడం అలవాటే. మెషిన్లోంచి ప్రింట్లు ఒక్కొక్కటే జారి వస్తుంటే మామూలుగా ఇంకో పని చూసుకునేది. ఇవాళ మూడోది చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది.

"అన్నయ్యా, అక్కయ్యగారి చెయ్యి వచ్చింది" అంది.

అతను భూతద్దం తీశాడు. జుట్టు చూడలేదు, గళ్లు చూడలేదు, కూజా చూడలేదు. తిన్నగా చేతి దగ్గరికే వెళ్లాడు. తెల్లచొక్కా మీద ఆనుకుని ఉంది. అయిదు వేళ్లూ ఉన్నాయి. చిటికెనవేలు లోపలికి ఒంగి ఉంది. ఎప్పుడు ఒంగిందో అతనికి తెలియదు. బొటనవేలి పక్కన దారం కోసుకుపోయిన గీతలు ఒకదాని మీద ఒకటి, ఎండిన నేల మీది పగుళ్లలా. నడిమి వేలికి సూది గుచ్చుకోకుండా తొడిగే ఇత్తడి తొడుగు, దాని మీద సూది పోట్ల సొట్టలు, ప్రతి సొట్టలోనూ దీపపు వెలుగు చుక్క. అతను ఆ చేతి అన్నం తిన్నాడు, ఆ చెయ్యి పట్టుకుని బడికి వెళ్లాడు, ఇన్నేళ్లూ దాన్ని చూడలేదు. సబ్బుబిళ్లంత డబ్బా, చెత్తబుట్టలోకి పోవాల్సిన డబ్బా, సందు అవతల నుంచి ఒక మనిషి చేతి మీద జీవితమంతా చదివేసింది. ఇంత గొప్ప కెమెరా తన చేతుల్లోంచి ఎన్నడూ పోలేదని అతను పైకే అన్నాడు. ల్యాబు ఆవిడ తల ఊపి, ప్రింటును మళ్లీ ఒకసారి అడిగి తీసుకుని చూసింది.

దారి పొడుగునా అతని కాళ్లు నేల మీద ఆనలేదు. ఈ మూడోది పంతులమ్మకు ఇచ్చేది లేదు, దీనికి చట్రం కట్టించాలి, ఎక్కడ పెట్టాలి, కిటికీ ఎదురుగా అయితే కూర్చున్న చోటి నుంచి అక్కకు కనిపిస్తుంది. ఇదిగో నీ చెయ్యి అని ముందుగా ఏం మాట్లాడకుండా ఒళ్లో పెట్టాలి. ఏమంటుంది? నా చెయ్యి ఇంత ముసలిదైపోయిందేమిట్రా అంటుంది. కచ్చితంగా అదే అంటుంది.

వీధి దీపం కింద ఆగి ఇంకోసారి చూశాడు. ఇందాక చూడనిది ఒకటి కనిపించింది. కళ్లద్దాలు ముక్కు కొన దాకా జారి ఉన్నాయి. అక్క అలా ఉండనివ్వదు. మణికట్టు వెనక వైపుతో ఎగదోస్తుంది, ఆ ఎగదోయడం కూడా ఎన్నో ఫొటోల్లో పొగలా పడింది. నా కోసం అది కూడా ఓర్చుకుంది అనుకున్నాడు. అనుకున్నాడు గానీ, నడక నెమ్మదించింది.

సందులోకి వచ్చి, కెమెరా ఆనించిన పిట్టగోడ దగ్గరే ఆగాడు. పైన దీపం వెలుగుతోంది. పనితనం చూసుకునే వాడి అలవాటు కొద్దీ ప్రింటును కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుని, ఒకసారి దాన్నీ, ఒకసారి దీన్నీ చూశాడు. తల అదే వాలు. కళ్లద్దాలు అక్కడే. సూదిలోంచి వేలాడే దారం అదే వంపు. తెల్లచొక్కా మీద చెయ్యి అలాగే ఉంది. ప్రింటుకూ కిటికీకీ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు.

అతను ఎంతసేపు అలా ఎత్తి పట్టుకున్నాడో చెప్పలేడు. కెమెరా గొప్పదే. కానీ ఆ చెయ్యిని ఆపింది కెమెరా కాదు.

మెట్లు మూలుగుతుంటే పైకి వెళ్లాడు. పిలవలేదు. పక్కన కూర్చుని, జారిన కళ్లద్దాలను నెమ్మదిగా ఎగదోసి సరిచేశాడు. చల్లబడిన ఆ చెయ్యిని రెండు చేతుల మధ్య పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే చూశాడు. ఫొటోలో ఉన్నవన్నీ ఉన్నాయి. ఏడ్చాడు. ఏడుస్తూనే మధ్యలో చూడటం మానలేదు. తర్వాత ఇరుగుపొరుగు వచ్చారు, వీధి చివరి డాక్టరు వచ్చి నాడి చూసి, నిద్రలో పోయినంత సుళువుగా పోయింది, మధ్యాహ్నం దాటాక ఎప్పుడో అన్నాడు.

పొద్దున్నే పంతులమ్మ వచ్చి, మెట్ల మీద జనాన్ని చూసి సంగతి తెలుసుకుని వెనక్కి తిరిగింది. అతనే పిలిచి కెమెరా చేతికిచ్చాడు. ఎప్పటిలా ప్రింట్లు కట్టి ఉన్నాయి, రెండే. పై ప్రింటులో కిటికీ వెలుగు, గళ్ల శాలువా, నవ్వీ నవ్వని మొహం, కుడిచేతి చోట తెల్లని పొగ. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడింది.

"బాగా పనిచేస్తుందమ్మా" అన్నాడు అతను. "ఉన్నది ఉన్నట్టు తీస్తుంది. ఇసుక తగలనివ్వకండి."

ఆవిడ కెమెరాను గుండెకు ఆనించుకుని మెట్లు దిగింది. సాయంత్రం కార్ఖానా మనిషి వచ్చి మూట తీసుకుపోయాడు. కిటికీ గట్టు మీది చొక్కాను మాత్రం అతను ఇవ్వలేదు. తెల్లచొక్కా, మెడ దగ్గరి కాజా సగం కుట్టి ఉంది, మిగతా సగంలో సూది నిలబడి ఉంది, మధ్యాహ్నం అతను ఎక్కించిన దారం ఇంకా చాలా పొడుగు ఉంది.