మూడు రోజుల పీపా

దైవాశీర్వాదం బీరు పీపాకు చెవి ఆనించి విన్నాడు. బయట అమెరికాలోని నోవై ఊరంతా మోకాలి లోతు మంచు. పబ్ కింద సెల్లార్‌లో స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, అరవై మూడేళ్ల మనిషి పీపాతో మాట్లాడుతున్నట్టు వంగి ఉన్నాడు. వాసన చూశాడు. ఇంకా పులవలేదు, కానీ ఇవాళే ఆఖరు.

ఇలాంటి పీపా తెరిచాక మూడు రోజులే. ఆ తర్వాత పారబోయాల్సిందే. పోయిన నెల రెండు పీపాలు అలాగే కాలవపాలయ్యాయి.

“అంకుల్, ఇది గూడ వేస్ట్ అయితే పైన బీరు తోడే హ్యాండ్‌పంప్ తీసేపిస్తా. మీరు ఫీల్ కావొద్దు,” అన్నాడు ఓనర్ జితేందర్ మెట్ల మీద నుంచే.

“అవదు బాబూ.”

అని ఊరుకుంటే అతను దైవాశీర్వాదం ఎందుకవుతాడు? పక్కనున్న కొత్త పీపా మీద చెక్కమేకు పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. సుద్దముక్కతో ‘గురువారం’ అని రాశాడు.

“పాతదే అమ్ముడు పోలె, ఇదెందుకు?”

“రేపు పొయ్యాలంటే ఇవాళ గాలి తగలాలి. మేకు చుట్టూ నురుగొస్తే తయారైనట్టు. సాయంత్రానికి వచ్చుద్ది.”

ఇంతా చేసి చుక్క ముట్టని మనిషి. తెలుగు చర్చిలో ఎవరైనా అడిగితే రెస్టారెంటులో పని అనేవాడు. భీమవరం దగ్గర వాళ్ల నాన్న తాటికల్లు గీసేవాడు. పొద్దున దించింది సాయంత్రానికి ఎలా మారుతుందో ముక్కుతోనే నేర్చుకున్నాడు.

మధ్యాహ్నం కౌంటర్ దగ్గర మనీషా అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి బోర్డు చదివి ముఖం చిట్లించింది.

“అంకుల్, కెగ్ బీర్ నైన్ డాలర్స్, ఈ పీపా బీర్ సిక్సేనా? క్వాలిటీ తక్కువా?”

“కాదమ్మా. ఆ స్టీలు కెగ్‌కి గ్యాసు కావాలి, కూలర్ కావాలి, వారాల తరబడి నిలవుండాలి. ఆ ఖర్చంతా నీ గ్లాసులోకే వచ్చుద్ది. దీనికి నా చెయ్యొక్కటే. ఇది ఆగదు, అందుకే చవక.”

“మీరు టేస్ట్ చేశారా?”

“లేదమ్మా. నువ్వు చూసి చెప్పు.”

ఆమె తాగింది, నవ్వింది, ఫోన్ తీసి ఆఫీసు వాళ్లను రమ్మంది. ఎనిమిది మంది వచ్చారు. దైవాశీర్వాదం భుజం నొప్పెడుతున్నా ఎవరికీ పంపు పిడి ఇవ్వలేదు. నాలుగింటికి పంపు గుటకలేసి ఆగిపోయింది. పీపా ఖాళీ. అతనికి పట్టరాని సంతోషం కలిగింది. చలికాలం మొదలైనప్పటి నుంచి రెండుసార్లు ఆగి దిగే మెట్లు ఇవాళ ఆగకుండా దిగాడు.

కాసేపటికి, ఇంకో రెండు పీపాలు ఆర్డర్ చేశానని చెప్పడానికి జితేందర్ కిందికి వచ్చాడు. ముసలాయన కింది మెట్టు మీద కూర్చుని, తల గోడకు ఆనించి ఉన్నాడు. సుత్తి ఒళ్లోనే ఉంది. పిలిస్తే పలకలేదు.

అంబులెన్స్ వెళ్లిపోయాక జితేందర్ సెల్లార్ లైటు ఆర్పబోయి ఆగాడు. ‘గురువారం’ అని రాసిన పీపా మీద, చెక్కమేకు చుట్టూ తెల్లగా నురుగు పొంగుతోంది.