రెండు లాంతరు సొరలు

కోడలు చేతులు మళ్లీ మళ్లీ సబ్బుతో రుద్దుకుంటుంటే అత్తగారు ముక్కు మూసుకుని, "ఆ చచ్చిన చేపల కంపు పోకుండా కూరలు ముట్టుకోకమ్మా" అంది. ముట్టుకోకపోతే వంటెవరు చేస్తారో మాత్రం ఆవిడ ఏనాడూ చెప్పలేదు.

చేపల మ్యూజియంలో పెద్దాఫీసరు ఆవిడ కొడుకే. కోడలిదీ అక్కడే, ఏటేటా ఆయన సంతకం మీద నిలబడే ఉద్యోగం. చేపల్ని నిలవుంచే స్పిరిట్ సీసాల్లో చేతులు ముంచేది ఆమె, వాసన పడక ఫొటోలు చూసి వ్యాసాలు రాసేది ఆయన. సముద్రం అడుగు చీకట్లో ఒళ్లు మిణుకుమనే జానెడు సొరచేపలు, లాంతరు సొరలంటారు, ఇక్కడ దొరికేవన్నీ ఒకే జాతని రాసి బోలెడు పేరు తెచ్చుకున్నాడు.

ఆ పొద్దున స్పిరిట్ మారుస్తూ ఆమె రెండు సొరల్ని నీళ్ల పళ్లెంలో పక్కపక్కన పెట్టింది. పొట్టకింది రెక్క వెనకాల వెలుగునిచ్చే నల్లమచ్చ ఒకదానికి పొట్టిగా ఆగిపోయింది, రెండోదానికి తోకవైపు సాగింది. నిమిరి చూస్తే ఒకదాని చర్మం మీది ముళ్లు వరసగా ఉన్నాయి, రెండోదానివి చెల్లాచెదురుగా తగిలాయి. అక్కచెల్లెళ్లే గానీ ఒకటి కాదు. తడి ఆరితే ఆ మచ్చ సరిగ్గా కనపడదు. ఆయన ఫొటోలన్నీ శుభ్రంగా తుడిచి తీయించినవి. మిగతా సీసాలూ దించి చూసింది, అన్నిట్లోనూ రెండు రకాలూ కలిసే ఉన్నాయి. పెళ్లయ్యాక అంత సంతోషం ఎరగదు. తన పేరుతో ఒక్క వ్యాసం అచ్చయితే చాలనుకుని, ఆ మాట ఆయనకే చెప్పడానికి పరిగెత్తింది పిచ్చిది.

ఆయన కేకలేయలేదు. తలుపు దగ్గరగా వేసి, "నా పెళ్లామే నాది తప్పంటే బయట నా మొహం ఎక్కడ పెట్టుకోను? రెండూ ఒకటేనని రాసెయ్. నీ ఉద్యోగం కాగితం కూడా నా బల్లమీదే ఉంది కదా" అన్నాడు మెత్తగా. తిట్టి ఉంటే ఎదురు తిరిగేదేమో. ఉద్యోగం మానేస్తే మిగిలేది వంటిల్లు. ఈ సొరలు ఇంకెక్కడా దొరకవు, ఇక్కడుంటే కనీసం కళ్లతో చూసుకోవచ్చు. రెండిటికీ ఒకే పేరు రాసి, ఒకే సీసాలో వేసి మూత బిగించింది.

"ఏమైంది, మొహం అలా పీక్కుపోయింది?" అంది అత్తగారు ఆ సాయంత్రం వంటింట్లో.

కూర తరుగుతూనే అంతా చెప్పింది కోడలు. ఆవిడ హాల్లో ఉన్న కొడుకు వైపోసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇంతకీ, నిజంగా ఒకటేనా అవి?"

"కాదత్తయ్యా."

"మరి?"

"ఒకటేనని రాసేశాను."

"హమ్మయ్య" అంటూ అత్తగారు ఆమె వీపు నిమిరింది. "ఇన్నాళ్లకి బతకడం నేర్చుకున్నావు."

ఆ ఇంట్లో ఆమెను మెచ్చుకోవడం అదే మొదలు.